తెలియని కళాకారిణి

పెంకె అర్జునరావు తన భార్య పాడిన సీడీని కంప్యూటర్లోకి ఎక్కించిన రోజు సాయంత్రం నాలుగూ పదికి, ఆమె పేరు లోకంలో ఎక్కడా లేకుండా పోయింది. ఆ స్థానంలో 'తెలియని కళాకారిణి' అని వచ్చింది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. ఇంట్లో చేయించుకున్న సీడీల లోపల పేర్లు ఉండవు. సాఫ్ట్‌వేర్ పాటలెన్నో, ఒక్కోటి ఎంతసేపో చూసుకుని, ఎక్కడో ఉన్న పెద్ద పట్టికను అడుగుతుంది. పట్టికకు తెలిస్తే పేరు పంపుతుంది, తెలియకపోతే తెలియదని పంపుతుంది. పట్టికకు తెలియని సంగతి మనుషులకు తెలిసి ఉండటం గందరగోళమని నాలుగేళ్ళ కిందటే తేల్చారు కాబట్టి, అప్పటినుంచి రెండింటినీ ఒకే నిమిషంలో సరిచేస్తున్నారు.

అర్జునరావు ధవళేశ్వరం నీటిపారుదల ఆఫీసులో ట్రేసరుగా చేసి రిటైరయ్యాడు. ఇంజనీర్లు గీసిన కాలవలను పల్చటి కాగితం మీదికి దింపడం అతని పని. ముప్పై మూడేళ్ళలో ఒక్క గీత కూడా సొంతంగా గీయలేదని మంచి పేరుంది. భార్య పోయి రెండేళ్ళయింది. ఆమె పాడిన మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, మొత్తం పదకొండు, పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన ఎప్పుడో రికార్డు చేసి సీడీగా ఇచ్చాడు. ఆ సీడీ ఈమధ్య ఆరో పాట దగ్గర గెంతుతోంది. గెంతిన చోట ఆమె ఒకే అక్షరాన్ని పట్టుకుని ఉండిపోతోంది. ఆమె అక్కడ అలా ఇరుక్కోవడం చూడలేక, కంప్యూటర్లో దాచుదామనుకున్నాడు.

పని పూర్తయ్యాక సీడీ ఖాళీగా బయటికి వచ్చింది. ఒక గొంతు రెండు చోట్ల ఉండకూడదని నియమం. ఫోల్డరు తెరిస్తే ట్రాక్ 1 నుంచి ట్రాక్ 11 దాకా ఉన్నాయి. నొక్కితే ఆమే పాడింది. చాలా నెలల తర్వాత ఆరో పాటను చివరిదాకా విన్నాడు. ఫోల్డరు మీద కళాకారుడు అనకుండా కళాకారిణి అని రాసినందుకు కూడా అతనికి కొంత తృప్తి కలిగింది. ఎవరో అంతవరకైనా విన్నారన్నమాట.

పేరు పోయిన సంగతి పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు తెలిసింది. పాలు పొంగబోతుంటే ఆమెను కేకేయడం పాత అలవాటు, ఇంకా పోలేదు. నోరు తెరిస్తే "తెలియని కళాకారిణీ!" అని వచ్చింది. పొయ్యి ఆర్పి మళ్ళీ పిలిచి చూశాడు. అదే వచ్చింది. హాల్లో దండ వేసిన ఫోటో కింద కూడా అదే ఉంది. ఓటరు కార్డులోనూ అదే. సారెలో పెట్టిన ఇత్తడి బిందె మీద పుట్టింటివాళ్ళు పేరు కొట్టించారు. అక్కడ చోటు చాలక 'తె. కళాకారిణి' అని కొట్టి ఉంది, పాతబడి, కొంచెం అరిగి.

పక్కింటి సుభద్రమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. అర్జునరావు గోడ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మా ఆవిడ పేరేమిటో ఒకసారి చెప్తారా?"

"అదేం ప్రశ్న అన్నయ్యగారూ! తెలియని కళాకారిణి వదిన. ఇరవయ్యేళ్ళు ఈ గోడ మీంచే కూరలు ఇచ్చిపుచ్చుకున్నాం, పేరు మర్చిపోతానా?"

"అంతకుముందు ఇంకేదో ఉండేదని..."

సుభద్రమ్మ అతని ముఖం చూసి తీసిన బట్టల్ని భుజాన వేసుకుంది. "సీడీ గానీ ఎక్కించారా?"

"ఎక్కించాను."

"అలా చెప్పండి మరి. మా మావగారిని ఎక్కించినప్పుడు మా ఆయనా ఇలాగే కాలుగాలిన పిల్లిలా తిరిగారు. రెండు రోజులే. మూడో రోజుకి సర్దుకుంటుంది."

మూడో రోజుకి సర్దుకోలేదు. అతను ఇంట్లో కూర్చోలేకపోయాడు. ఊళ్ళో ఏ బోర్డు మీద ఆడపేరు కనిపించినా ఆగి, పైకి చదివి, కాసేపు నోట్లో ఉంచుకుని చూసేవాడు. టిఫిన్ సెంటర్లు, ఫ్యాన్సీ షాపులు, ఒక నర్సింగ్ హోమ్, రెండు పడవలు. ఏదీ ఆమెది కాదు. ఆనకట్ట దాకా నడిచి, గేట్లు లెక్కపెట్టి, మధ్యలో లెక్క తప్పి తిరిగొచ్చేవాడు. చెప్పులు విప్పకుండానే మళ్ళీ బయల్దేరేవాడు.

నాలుగో రోజు తెర మీద నోటీసు వచ్చింది. పేరు లేని గొంతును ముప్పై రోజులకు మించి ఉంచడం వీలుపడదు. ఆలోగా పేరు నమోదు కాకపోతే ఆ పదకొండు ట్రాకులనూ నిశ్శబ్దంగా పరిగణించి తొలగిస్తారు. కింద 'సరే' అని ఒకటే బటన్ ఉంది.

నామ సవరణ విభాగం రెండో అంతస్తులో ఉంది. బయట బల్ల మీద అతనికంటే ముందు ఇద్దరున్నారు.

"మా నాన్నగారి బుర్రకథ ఎక్కించానండీ," అన్నాడు చేతిసంచీ ఆయన. "పట్టికలో 'బృందం' అని పడింది. నాన్నగారూ, ఇద్దరు వంతలూ కలిసి ఒక్క మనిషైపోయారు. తద్దినాలు ఒకటా మూడా అని పంతులుగారు నన్నడుగుతున్నారు."

"మీరే నయం," అంది పక్కనున్నావిడ. "చోటు కలిసొస్తుందని మా ఆయన్ని సైజు తగ్గించి దాచాను. దగ్గు పోయింది. దగ్గుతోపాటు కోపం కూడా పోయింది."

"పోతే మంచిదే కదమ్మా?"

"మంచిదే. మిగిలింది ఆయన మాత్రం కాదు."

"మళ్ళీ పెంచమని అడగడానికొచ్చారా?" అన్నాడు అర్జునరావు.

"అబ్బే. మా అత్తగారిని కూడా తగ్గించొచ్చేమో కనుక్కుందామని."

లోపల క్లర్కు మెహరున్నీసా అతని దరఖాస్తు మొత్తం చదివింది. అలా చదివేవాళ్ళు అరుదని అతను గమనించాడు.

"పేరు మారిన ఆ నిమిషంలో సిగ్నల్ అందని చోట ఉన్న మనిషి ఎవరైనా వచ్చి నోటితో పేరు చెప్పాలి సార్. వాళ్ళకి మారి ఉండదు. కాగితాలు పనికిరావు, మనుషులకంటే ముందు అవే మారతాయి."

"అలాంటివాళ్ళు ఉంటారాండీ?"

"ఉంటారనే నియమం రాశారు సార్."

అర్జునరావు ఇరవై నాలుగు రోజులు వెతికాడు. ఆమె తమ్ముళ్ళిద్దరూ ఫోన్లోనే దొరికారు, కాబట్టి ఇద్దరూ పనికిరాలేదు. నాలుగూ పదికి సరిగ్గా ఒక ఆసుపత్రి లిఫ్టులో ఇరుక్కున్న మనిషి రాజమండ్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళాడు. ఆయనకు అర్జునరావు భార్య ఎవరో తెలియదు. అయినా కుర్చీ వేసి కూర్చోబెట్టి, తనకు తెలిసిన ఆడవాళ్ళ పేర్లన్నీ, చుట్టాలవీ, ఆఫీసువాళ్ళవీ, చివరికి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన టీచరుగారి పేరుతో సహా, ఓపికగా చెప్పాడు. అర్జునరావు కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్కటీ తగల్లేదు. బస్సు దాకా ఆయనే దిగబెట్టాడు.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున్నే మళ్ళీ రెండో అంతస్తు ఎక్కాడు. రాత్రికి పాటలు పోతాయేమోనని ల్యాప్‌టాప్‌ను సంచీలో పెట్టి వెంట తెచ్చుకున్నాడు, అది దగ్గరుంటే తొలగించడానికి మొహమాటపడతారన్నట్టు.

"సాక్షి దొరకనివాళ్ళకి ఇంకో దారి ఉంది సార్," అంది మెహరున్నీసా. "నిడివిని బట్టి పట్టికే దగ్గరగా ఉన్న పేర్లు ఇస్తుంది. మీకు అయిదు వచ్చాయి. మూడోది మనిషి కాదు. పశుగ్రాసం సాగులో మెళకువలు, రెండో భాగం. నిడివి అయితే అదే అచ్చంగా కలిసింది."

"అది వద్దండి."

"అలాంటివి సాధారణంగా ఎవరూ తీసుకోరు. మొన్న ఒకాయన తీసుకున్నారు."

వెనక వరుస పెరుగుతున్నా ఆమె తక్కిన నాలుగు పేర్లూ ఒక్కోటి రెండుసార్లు, మెల్లగా చదివింది. అతను ఒక్కోదాన్నీ నోట్లో తిప్పి చూశాడు. అన్నీ పరాయివాళ్ళ పేర్లే.

"తీసుకుంటే అసలు పేరు ఇంక రాదా అండీ?"

"రాదు సార్. తీసుకోకపోతే గొంతు ఉండదు."

అర్జునరావు కిటికీలోంచి బయటికి చూశాడు. కింద రిక్షా తొక్కే ఒకాయన ఏదో పాడుకుంటూ పోతున్నాడు, పాడుతున్నది ఎవరి పాటో ఆయనకు అక్కర్లేదు. "మీరైతే ఏది తీసుకుంటారమ్మా?"

"సుగుణవల్లి బాగుంది సార్. ఏడు సెకన్లే తేడా."

"ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేశాం," అన్నాడు అర్జునరావు. "అందులో ఏడు సెకన్లంటే ఎక్కువేం కాదు." సంతకం పెట్టాడు. సేవ ఎలా ఉందో చెప్పమంటే, రెండుసార్లు చదివినందుకు అయిదు నక్షత్రాలు ఇచ్చాడు.

మెట్లు దిగేలోపే పేరు కుదురుకుంది. సుగుణవల్లిని చూడడానికి తుని వెళ్ళడం, శుభలేఖలో చి.ల.సౌ. సుగుణవల్లి అని ఎర్ర అక్షరాలు, ఆసుపత్రిలో చివరిరోజు నర్సు ఆ పేరే పిలవడం, అన్నీ గుర్తున్నాయి. బిందె మీద పేరు నిండుగా పట్టింది. సుభద్రమ్మ సుగుణవల్లి వదిన గోంగూర పచ్చడి తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ వారమంతా అతను వేళకి తిన్నాడు, వేళకి పడుకున్నాడు.

రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం, చేతిలో గుడ్డసంచీతో ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడింది.

"మంగతాయారు వాళ్ళిల్లు ఇదేనా బాబూ?"

"కాదమ్మా. ఆ పేరుగలవాళ్ళు ఈ వీధిలో ఎవరూ లేరే."

"అది చెప్పిన గుర్తుల ప్రకారం ఇదేనయ్యా. నా పేరు బుల్లెమ్మ. మారేడుమిల్లి పైన ఆశ్రమ పాఠశాలలో వార్డెనుగా చేసి అక్కడే ఉండిపోయాను. అక్కడ ఫోన్లు పలకవు. తాయారూ నేనూ చిన్నప్పుడు ఒకే పంతులమ్మ దగ్గర పాట నేర్చుకున్నాం. అది పోయిందని మా కొండమీదే ఉండే ఒకావిడ మొన్న చెప్పింది. ఒకసారి వాళ్ళాయన్ని పలకరించి పోదామని. నీటిపారుదలలో కాలవల బొమ్మలు దింపేవాడట."

"మా ఆఫీసులో ట్రేసర్లం పదిమంది దాకా ఉండేవాళ్ళం. లోపలికి రండమ్మా, ఎండగా ఉంది. మజ్జిగ తాగండి."

బుల్లెమ్మ గడప దాటి ఫోటో చూసి ఆగిపోయింది. "ఇదుగో! ఇదే మా తాయారు!"

"ఆవిడ మా సుగుణవల్లి అమ్మా," అన్నాడు అర్జునరావు మెత్తగా.

ఆమె దగ్గరికి వెళ్ళి కింద రాసింది కూడబలుక్కుని చదివింది. ఫోటోనీ, పేరునీ మార్చి మార్చి చూసింది. "రాసే ఉంది," అంది చివరికి. "దాన్ని చూసి ఇరవయ్యేళ్ళయింది బాబూ, ఒక పెళ్ళిలో. పొరబడి ఉంటాను. పెద్దదాన్నయ్యాను."

"ముఖాలు కలుస్తూ ఉంటాయి."

"మంచివాడట దాని మొగుడు. పాటలో అది ఎక్కడైనా తప్పితే, వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడట. ఎంత మురిసిపోతూ చెప్పిందో!"

"అదృష్టవంతురాలు," అన్నాడు అర్జునరావు.

మజ్జిగ తాగాక అతనే చెప్పులు వేసుకుని ఆమె వెంట బయల్దేరాడు. ఇంటింటికీ ఆగి అడిగారు. సుభద్రమ్మ ఆలోచించి, విన్న పేరు కాదంది. వెనక వీధి, కాలవగట్టు, క్వార్టర్ల వైపు కూడా తిరిగారు. అందరూ మర్యాదగానే లేదన్నారు. పొద్దు వాలేముందు ఆమెను బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు.

"ఆచూకీ తెలిస్తే కబురు చేస్తానమ్మా. పేరు ఇంకోసారి చెప్పండి."

"మంగతాయారు."

అతను జేబులోంచి కాగితం తీసి, ట్రేసరు చేతిరాతతో గుండ్రంగా రాసుకున్నాడు. బస్సు కదిలింది. ఇంటికి నడుస్తూ దారిలో ఇంకో ముగ్గుర్ని అడిగాడు. మర్నాడు వేమగిరి వైపు కూడా చూడాలనుకున్నాడు. ఆ భర్త ఎవరో గానీ పాపం, కట్టుకున్నదాని పేరు ఊళ్ళో ఒక్కరికైనా గుర్తుండేలా చూసుకోలేకపోయాడని జాలిపడ్డాడు.