నారప్ప మూసిన మూడు తూములు

ఆ పొద్దున నారప్ప అనుకున్నది ఒక్కటే: పది గంటలకు ఊరి ఇంటర్నెట్ అంతా తన మనవరాలికే పారాలి. కరెంటు ప్లాంటులో ఉద్యోగానికి కీర్తికి ఆ రోజు వీడియోలో ఇంటర్వ్యూ. రెండేళ్ళుగా ఆ పిల్ల దానికోసమే చదువుతోంది.

నారప్ప కన్నడ నాట జవళగేర కాలువ మీద ముప్పై ఏళ్ళు నీరుగంటి. ఎవరి వంతు ఎప్పుడో చెప్పి తూములు ఎత్తి దించినవాడు. ఒక మడికి నిండుగా పారాలంటే మిగతా తూములు మూయాలి. ఇంటర్నెట్ అయినా అంతే కదా అనుకుని పక్కింటి సుంకవ్వ గడపలో నిలబడ్డాడు.

"సుంకవ్వా, ఒక్క గంట నీ ఫోను బందు పెట్టు. మా పిల్లకు ఇంటర్వ్యూ ఉంది."

"పెడ్త గానీ, నేను బందు పెడ్తే ఆ శేషయ్య గుంజుకోడా? ముందుగాల ఆయన్ని అడుగు."

"నాదేముంది, చిన్న ఫోను" అన్నాడు ఎదురింటి శేషయ్య. "పై గల్లీ వాళ్ళు బందు పెడ్తే నేను పెడ్త."

ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. తొమ్మిదిన్నరకల్లా ఊర్లోని ఇరవై ఇళ్ళవాళ్ళూ ఫోన్లు తెచ్చి నారప్ప అరుగు మీద వరుసగా పెట్టి, ఎవరిది వెలుగుతుందో చూస్తూ చుట్టూ కూర్చున్నారు.

ఊరికి సిగ్నల్ పంచే పెట్టె నారప్ప మిద్దె మీదే ఉంది. దానికి నాలుగు యాంటెనాలు. శేషయ్య తలెత్తి చూశాడు. "ఫోన్లు ఈడున్నా ఏం లాభం నారప్పా? మూడు కొమ్ములు ఊరి దిక్కే ఉన్నయి. పారేది ఆ దిక్కే పోతది."

నారప్ప నిచ్చెన వేశాడు. కారే తూమును మూసినట్టే, మూడింటికీ తడి గోనెపట్టలు చుట్టి పైన బురద మెత్తాడు.

పది దాటి అయిదు నిమిషాలకు కీర్తి బయటికి ఉరికింది. "తాతా! సార్లు మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపాయె. ఏం చేసినవ్?"

"నీకే పారాలని మూడు తూములు మూసిన బిడ్డా."

"అయ్యో, అది కాలువ కాదు తాతా! నాలుగూ కలిసి పనిచేస్తయి. ఇరవై మంది ఒక్కసారే మాట్లాడినా ఎవరి మాట వాళ్ళకు విడదీసి చేరుస్తయి. ఒకటి మూసినా అందరికీ తగ్గుతది. మూడు మూస్తే నాకేం మిగుల్తది?"

మనవరాలి రెండేళ్ళ చదువు తన చేతి బురద కింద ఉందని నారప్పకు అప్పుడు అర్థమైంది. అంతలో సుంకవ్వ కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది. "చూస్తరేంది, రాండ్రి!" ఆమె వెనక శేషయ్య, అతని వెనక సగం గల్లీ. గోనెలు కిందపడ్డాయి. కండువాలు, కొంగులు, ఎవరిదో కొత్త లుంగీ అన్నీ బురదయ్యాయి. పది నిమిషాల్లో బొమ్మ తిరిగొచ్చింది.

ఎక్కడికి పోయావని పెద్ద సారు కన్నడంలో గద్దించాడు. కీర్తి ఉన్నదున్నట్టు చెప్పింది: గోనెలు, బురద, తాతకు చెప్పిన పాఠం. సార్లు ముగ్గురూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "మీ తాతకు రెండు నిమిషాల్లో చెప్పగలిగావంటే మా ప్లాంటులో వాళ్ళకూ చెప్పగలవు. సోమవారం కాగితాలు తీసుకుని రా" అన్నాడు పెద్ద సారు.

ముప్పై ఏళ్ళు నీళ్ళు పంచి తిట్లే తిన్నవాడు నారప్ప. ఈ రోజు ఒక్కరూ తిట్టలేదు, అడగకుండానే మిద్దె ఎక్కారు. సాయంత్రం ఉతికిన పంచె కట్టుకుని, గొంతు సవరించుకుంటూ, అందరికీ చేతులు జోడించడానికి ఇల్లిల్లూ తిరిగాడు. ఇరవై ఇళ్ళలోనూ అందరూ ఒకేసారి ఫోన్లలో మాట్లాడుతున్నారు, ఎవరికీ ఏమీ తగ్గలేదు. దండం అందుకునే తీరిక మాత్రం ఒక్కరికీ లేదు.