ఒకటికి నలభై

ఒక పెద్ద అడవిలో పులి ఉంది, ఏనుగుంది, వాటన్నిటికీ మించి విద్యాశాఖ ఉంది. అడవంటూ ఉన్నాక తప్పదు కదా మరి!

ఆ శాఖవారి మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పేది ఒక ఉడుత. పేరు చారుమతి టీచరు. ఆరేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవి సెలవులకు ముందు తీసేయడం, బడి తెరిచాక మళ్ళీ పెట్టుకోవడం. ఈసారి మాత్రం ఆశ పుట్టింది. నమూనా పాఠం చెప్పి జిల్లా అధికారిని మెప్పిస్తే పర్మనెంటు చేస్తామన్నారు.

ఆ అధికారి భల్లూకమూర్తిగారు. ఎలుగుబంటి. ఇకమీదట పిల్లలు పాఠాన్ని బెంచీల మీద కూర్చుని వినకూడదు, చేసి నేర్చుకోవాలని పద్నాలుగు పేజీల సర్క్యులర్ రాయించాడు. ఏడో తరగతి నిష్పత్తికి తేనె షర్బతు కలిపించాలట: ఒక పాలు తేనె, నాలుగు పాళ్ళు నీళ్ళు. అందుకని ఒక్కో బడికీ పది కుండల ఇప్పపూల తేనె, మూతులకి లక్క ముద్ర వేసి మంజూరు చేశారు. అవి పులిగారి సచివాలయం నుంచి జిల్లా ఆఫీసుకి, అక్కణ్ణుంచి హెడ్మాస్టరుకి, ఆయన దగ్గర్నుంచి క్లాసుకి రావాలి.

తొమ్మిదో పేజీలో ఇంకో మాట కూడా ఉంది. నేర్చిన పాఠాన్ని పిల్లలు చుట్టూ ఉన్న లోకానికి అన్వయించి, వచ్చిన అధికారిని ధైర్యంగా ప్రశ్నలడగాలట. ఆ పేజీ ఆయన చూసి ఉండడు లెండి, సంతకం పెట్టేది చివరి పేజీలో కదా.

చారుమతి టీచరు వారం రోజులు ప్రాణం పెట్టి చెప్పింది. తేనె ఇంకా రాలేదు గనక ఎర్రమట్టీ నీళ్ళూ కలిపించింది. ఒకటికి నాలుగైతే ఏ రంగు, ఒకటికి పదైతే ఏ రంగు అని పిల్లల చేతే చేయించి చూపించింది. వెనక బెంచీ అడవిపంది పిల్లాడు కొండడికి కూడా అర్థమైపోయింది. వాడు ఇంటికెళ్ళి వాళ్ళమ్మ పంచిన దుంపలు కొలిచి, అన్నకి ఎక్కువ పెట్టావని గొడవ పెట్టుకున్నాడట.

పాఠానికి ముందురోజు తేనె వచ్చింది. ఒకే ఒక్క కుండ.

"సార్, పది రావాలి కదండీ?" అని హెడ్మాస్టరు జంబుకేశ్వర్రావుగారిని అడిగింది. ఆయన నక్క.

"దారిలో కొంత ఆవిరైపోతుందమ్మా, ఎండలు చూస్తున్నావుగా," అన్నాడాయన మూతి తుడుచుకుంటూ.

"అయితే నాలుగు కుండల నీళ్ళే పోయాలి సార్. మా క్లాసు వరకూ సరిపోతుంది."

"నాలుగా! తల్లిదండ్రులందర్నీ పిలిచి కూర్చున్నానే! సర్క్యులర్లో నలభై కుండల నీళ్ళని ఉంది. నలభై పొయ్యి."

"అది పది కుండల తేనెకండీ! ఇలా పోస్తే ఒకటికి నలభై అవుతుంది."

"అయితే అయింది. ఎవరన్నా అడిగితే ఒకటికి నాలుగని చెప్పించు. చూడమ్మా, నీ ఫైలు నా బల్ల మీదే ఉంది. నీకు నిష్పత్తి ముఖ్యమా, పర్మనెంటు ముఖ్యమా?"

చారుమతి టీచరుకి ఒళ్ళు మండింది. కానీ తొర్రలో ముగ్గురు పిల్లలు, పనీపాటా లేని మొగుడు. నోరు మూసుకుని క్లాసుకెళ్ళి, "రేపు ఎవరడిగినా ఒకటికి నాలుగనే చెప్పండర్రా," అంది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లలు ఆవిడ మొహంలోకి వింతగా చూశారు. కొలవకుండా ఏదీ చెప్పొద్దని వారం రోజులుగా పోరింది ఆవిడే మరి.

మర్నాడు షామియానా వేశారు. కోతులు బ్యాండు వాయించాయి. భల్లూకమూర్తిగారు మెడ నిండా దండలతో వచ్చి, పిల్లలు కలిపిన షర్బతు ఒక్క గుటకేసి, తుపుక్కున ఉమ్మేశాడు. పాపం, తేనె దగ్గర మాత్రం ఆయన అబద్ధమాడలేడు.

"ఇది ఒకటికి నాలుగా? ఎవర్రా చెప్పింది?"

చారుమతి టీచరు కళ్ళు గట్టిగా మూసుకుంది. ముందు వరుసలోంచి ముళ్ళపంది పిల్ల అంకమ్మ లేచింది. "ఒకటికి నలభై అండీ. మేమే కొలిచి పోశాం."

"నలభయ్యా! పసిపిల్లల తేనె మింగిన దొంగెవడు?" అని ఎలుగుబంటి కేకేశాడు. జంబుకేశ్వర్రావుగారి తోక కాళ్ళ మధ్యకి పోయింది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి అధికారిగారు ఉబ్బిపోయాడు. అక్కడితో ఆపితే బాగుండేది. మైకు దొరికాక ఆపిన అధికారిని మీరెక్కడన్నా చూశారా?

"నన్నే మోసం చేద్దామనా? ఆ తేనె ఎంత చిక్కనో నాకు తెలీదా? వేలు పెడితే తీగ సాగుతుంది! నాలుగో కుండయితే మరీ అమోఘం, కాస్త వగరు కూడాను!"

అంకమ్మ మళ్ళీ లేచింది. "సార్, కుండలకి లక్క ముద్ర ఉంటుంది కదండీ. నాలుగో కుండ వగరని మీకెలా తెలుసు?"

భల్లూకమూర్తిగారు మెడలో దండలు సర్దుకోవడం మొదలెట్టాడు. కొండడన్నా ఊరుకోవచ్చుగా! సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.

"పంపినవి పది. మాకొచ్చింది ఒకటి. హెడ్మాస్టరుగారి గది ఊడుస్తుంటే రెండు ఖాళీ కుండలు కనపడ్డాయి. మిగిలినవి ఏడు." పెద్ద పెద్ద అంకెలేసి రాశాడు: అధికారికి ఏడు, హెడ్మాస్టరుకి రెండు, పిల్లలకి ఒకటి. "లోకానికి అన్వయించాం సార్," అన్నాడు వినయంగా.

చారుమతి టీచరు కళ్ళు తెరిచి బోర్డు చూసింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఆరేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం ఆవిడకెన్నడూ కలగలేదు. "శభాష్ రా కొండా!" అని అందరికీ వినపడేలా అరిచేసింది.

పది రోజుల్లో విచారణ కమిటీ పడింది. అధ్యక్షుడు భల్లూకమూర్తిగారే. తేనె విషయంలో అంత అనుభవమున్నవాడు ఇంకెవరున్నారు గనక? తొమ్మిది కుండలూ ఎండకే ఆవిరయ్యాయని కమిటీ తేల్చింది. పిల్లలు ఇంత చురుగ్గా నేర్చుకున్నందుకు జంబుకేశ్వర్రావుగారికి ఉత్తమ ప్రధానోపాధ్యాయుడి అవార్డు ఇచ్చారు, శాలువా కప్పారు. నిష్పత్తి పాఠం పుస్తకంలోంచి తీసేసి, ఆ పేజీల్లో 'సర్దుకుపోవడం' అనే కొత్త పాఠం వేశారు.

చారుమతి టీచరుకి తాఖీదు వచ్చింది. పిల్లలకు అవసరానికి మించి బోధించినందున ఆవిడ సేవలు ఇక అక్కర్లేదట. ఆవిడ అది రెండుసార్లు చదువుకుని, కడుపారా ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఇంకో బడి వెతుక్కోడానికి బయల్దేరింది.

నీతి: ఉద్యోగం పర్మనెంటు కావాలంటే పాఠం చెప్పండి గానీ, పిల్లలకు అర్థమయ్యేలా మాత్రం చెప్పకండి.