సారు వేలు పడింది

యావన్మందికీ తెలియజేయడమేమనగా, భద్రాచలం అడవి అంచు రేషన్ దుకాణాల సాఫ్ట్‌వేర్ ఇకపై మనిషి చెయ్యి తగలకుండా తనను తానే పరీక్షించుకుని, తనంతట తానే దుకాణాలకు చేరుకుంటుంది. మనిషి చెయ్యి తగలని ఈ విధానాన్ని రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, పదహారు చేతులు ఒకే బటన్ మీద పెట్టి ప్రారంభించారు.

పద్ధతి చాలా సులువు. సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసిన సరంజామాతో సహా ఒక డబ్బాలో సర్దుతారు. దాన్ని కంటైనర్ అంటారు. మార్పు జరిగినప్పుడల్లా కొత్త డబ్బా తయారై, పరీక్షలన్నీ దానంతటదే రాస్తుంది. పాసైతే తెర మీద పచ్చ రంగు వస్తుంది, డబ్బా దుకాణాలకు వెళ్తుంది. తప్పితే ఎరుపు వస్తుంది, అక్కడే ఆగుతుంది. మధ్యలో డిప్యూటీ డైరెక్టర్ జయప్రకాశ్ గారి సంతకం మాత్రం ఉండాలి. ఆయన పర్ణశాల దర్శనానికి వెళ్లిన మూడు రోజులూ ఆటోమేషన్ ఆయన కోసం భక్తితో ఎదురుచూసింది.

ఇదంతా కట్టిన మనోజ్ఞ అనే కాంట్రాక్టు ఇంజనీరు ఒక పొరపాటు చేసింది. కార్డుదారుల వేలిముద్ర చూసి బియ్యం ఇప్పించే ఆ సాఫ్ట్‌వేర్ పరీక్షకు నిజమైన మనుషుల వేలిముద్రలు వాడింది. జూలూరుపాడు అవతలి పల్లెకు వెళ్లి, బీడీల తునికాకు కోసే గంగక్కవీ మరో నలుగురివీ తెచ్చింది. ఆకు కోసీ కట్టలు కట్టీ అరిగిపోయిన వేళ్లవి. సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తుపట్టలేక తెర ప్రతిసారీ ఎర్రబడింది.

జయప్రకాశ్ గారు సమావేశం పెట్టారు. "జిల్లా ముందుకు పోతుంటే అయిదుగురి వేళ్లు అడ్డం పడుతున్నాయి. ప్రగతికి వేలు చూపడం సంస్కారం కాదు," అన్నారు. చప్పట్లు మోగాయి. పరీక్ష ఉన్నదే తప్పు పట్టుకోవడానికని మనోజ్ఞ చెప్పబోయింది. ఆ అయిదు ముద్రల స్థానంలో తన ముద్రనే అయిదుసార్లు పెట్టమని ఆయన ఉదారంగా చెయ్యి చాచారు. సంతకం తప్ప మరో శ్రమ ఎరగని వేలది. మనోజ్ఞ కాదంది. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి సాయంత్రానికి అవునంది.

తెర పచ్చబడింది. పరీక్షలు నూటికి నూరు పాసయ్యాయి కనుక, వేలు పడనివాళ్లకు పుస్తకంలో రాసి బియ్యమిచ్చే పాత పద్ధతిని అనవసరమని తీసేశారు.

మరునెల గంగక్క సంచితో దుకాణానికి వచ్చింది. తొమ్మిదిసార్లు వేలు పెట్టింది. నీళ్లతో కడిగి పెట్టింది, కొంగుతో తుడిచి పెట్టింది.

"నీ వేలు పడ్తలేదు గంగక్కా," అన్నాడు డీలరు మంగీలాల్.

"ఇరవై ఏండ్ల సంది బియ్యం పోస్తున్నవ్. నన్ను ఎరగవా బిడ్డా?"

"నేనెరుగుదు. మిషన్ ఎరగది."

ఫిర్యాదు పైకి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ అన్ని పరీక్షలూ పాసైనందున లోపం వేలిదేనని జవాబు వచ్చింది. గంగక్క ఆ నెల ఇప్పపువ్వు ఉడికించుకుని గడిపింది. మరుసటి నెల అదీ అయిపోయింది.

దుకాణాల్లో బియ్యం మిగిలింది. ఎందుకు మిగిలిందని ఎవరూ అడగలేదు. మూడు నెలలు వరుసగా వేలు పడని కార్డులన్నీ బోగస్‌వని తేల్చి రద్దు చేశారు. జయప్రకాశ్ గారికి శాలువా కప్పారు.

ఆ వార్త మన పేపర్లోనూ వచ్చింది. పొద్దున్నే టిఫిను చేస్తూ చదివి, ఇన్నాళ్లూ ఎంతమంది దొంగలు మన బియ్యం తిన్నారోనని మీరూ నేనూ పళ్లు నూరాం. దొంగల జాబితా కూడా వేశారు. గంగక్క పేరు అందులో మూడోది.