ఎడమకు లాగే బండి

ఆ బడిలో యంత్రం చెడితేనే మార్కులు వేస్తున్నారని ఎదురింటావిడ కూరగాయల దగ్గర అన్నదట. పక్కింటావిడ ఆ మాటకు ఉప్పూకారం చేర్చి మోసుకొచ్చింది. రోబోలు నేర్పే టీచరమ్మ బండి బాగా నడిస్తే మొహం మాడ్చుకుంటుందట, చెడితే చంకలు గుద్దుకుంటుందట. మనవరాలి బడి సంగతే అయినా తాత విని నవ్వి ఊరుకున్నాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. బాగుపడని బండి ఉందంటే ఒప్పుకోడు, వీధిలో మాటంటే నమ్మడు.

మనవరాలిని బడిలో దింపి, వస్తూ వస్తూ గడ్డం చేయించుకోవాలన్నది ఆ పొద్దుటి ఆలోచన. పిల్ల స్నానానికి వెళ్ళింది. అది వారంగా కుస్తీ పడుతున్న రోబో బండి బల్ల మీద ఉంది. అట్టపెట్టె ఒళ్ళు, సీసామూతల చక్రాలు, చక్రానికో బుల్లి మోటారు. స్విచ్చి నొక్కాడు. బండి ఎడమకు లాగింది. అది చూస్తూ చేతులు ముడుచుకు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. ఒక స్క్రూ బిగించాడు, ఇంకోటి వదులు చేశాడు, వైర్లు కదిపాడు, చక్రాలు అటుదిటు మార్చాడు. ఏ మార్పు కలిసొచ్చిందో గానీ, బండి గీత గీసినట్టు సూటిగా నడిచింది. మీసం దువ్వుకుని, చప్పుడు చేయకుండా దాన్ని పెట్టెలో సర్దేశాడు.

దారిలో మనవరాలే కబురు విప్పింది. "బండి ఎడమకెందుకు లాగుతోందో కనిపెట్టేశాను తాతయ్యా. ఎడమ మోటారు నీరసంగా ఉంది. ముందు ఆ తప్పు అందరికీ చూపించాలి, తర్వాత అక్కడే సరిచేయాలి. అలా చేసినవాళ్ళకే పోటీ జట్టులో చోటు."

తాత పెట్టెను చంకలో బిగించుకున్నాడు. చెప్పేద్దామంటే పిల్ల మొహం వెలిగిపోతోంది.

పిల్లలు వరసల్లో నిలబడటానికి వెళ్ళగానే వరండాలో పెట్టె విప్పాడు. తీసిన తప్పును తీసినచోట పెట్టేస్తే సరి అనుకున్నాడు. బండి కుడికి లాగింది. మరో స్క్రూ తిప్పితే వెనక్కి నడిచింది. ఇంకోటి తిప్పితే ఉన్నచోటే గిరగిరా తిరిగింది. బాగుచేయడం ఒక ఎత్తు గానీ, చెడింది చెడినట్టు పెట్టడం మహా కష్టమని అప్పుడు తెలిసొచ్చింది.

అంతలో టైలరు తన కూతురి బండితో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"బాబాయిగారూ, మాది కూడా కాస్త చెడగొట్టి పెడుదురూ. మా బావమరిది బాగుచేసి చచ్చాడు."

వెనకే మందులషాపాయన. వాళ్ళబ్బాయి బండిని బాగుచేసింది ఆయనే కాబట్టి తిట్టుకోవడానికి బావమరిది కూడా లేడు. పోల్చి చూద్దామని ముగ్గురూ చక్రాలన్నీ ఊడదీశారు. గంట కొట్టేసరికి వరండా నిండా మూతలు, ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. చేతికందింది తగిలించి, బండ్లను తరగతి బల్ల మీద పెట్టి తలుపు చాటుకు తప్పుకున్నారు.

టైలరు కూతురి బండి కుంటింది. మందులషాపు బండి బల్ల మీంచి దూకింది. మనవరాలిది బోర్లాపడి చక్రాలు ఆడించింది. పిల్ల దాన్ని ఎత్తి నిలబెట్టింది.

"నిన్నటిదాకా ఎడమకే వెళ్ళింది టీచర్."

టీచరమ్మ తలుపు వైపు చూసింది. మూడు తలలు చటుక్కున వెనక్కి పోయాయి. ఆవిడ కేకలు వేయలేదు. ముగ్గురినీ పిలిచి పిల్లల బెంచీ మీద ఇరికించి కూర్చోబెట్టింది. ఈ రోజు తప్పులు కొత్తవని, వెతకమని పిల్లలకు చెప్పింది.

అప్పుడు చూడాలి ఆ పిల్లల పనితనం. ఒకరినొకరు నిందించుకోలేదు, బెంచీ వైపు తిరిగి చూడనైనా లేదు. మూతలను దారంతో కొలిచి ఎవరివి వాళ్ళకు పంచారు. ఒక్కో వైరు పట్టుకుని మోటారుదాకా నడిచారు. స్క్రూ తల అరిగి ఉండటం చూసి, బస్సు చక్రం బిగించినట్టు బిగించే మనిషి మా ఇంట్లో ఒక్కరేనని మనవరాలు తేల్చేసింది. బండిని మళ్ళీ ఎడమకు లాగించి చూపించింది; నీరసం మోటారు వైపు పెద్ద మూత తగిలించి సూటిగా నడిపించింది. జట్టులో మొదటి పేరు దానిదే.

తాతకు పోయిన ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది.

"ఏమైనా పొద్దున నా చేతిలో కూడా సూటిగానే నడిచిందమ్మా" అన్నాడు, బెంచీ మీది మిగతా ఇద్దరికీ వినబడేలా.

మనవరాలు స్క్రూడ్రైవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నడిచింది. ఎందుకు నడిచిందో చెప్పు తాతయ్యా."