మూడు పూతల నేరం

"నా కంటికి చిక్కని నేరం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!" అని ప్రకటించాడు భూతద్దం. అప్పటికతను కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, దానికోసమే జేబులన్నీ తడుముకుంటున్నాడు.

భూతద్దం నా స్నేహితుడు. వాచీలు బాగుచేస్తాడు, తీరిక దొరికితే డిటెక్టివునంటాడు. ఆవగింజంత మరలు చూసీ చూసీ, అంతకన్నా పెద్దవి అతనికి కనిపించడం మానేశాయి. అతన్ని పిలిపించింది మా బాబాయి. పిన్నికి డ్రైవింగ్ స్కూలుంది. ఆ స్కూలుకున్న ఒకే ఒక్క ఎర్ర కారుకు, పెట్రోలు పోసేచోట ఉండే బుల్లి తలుపు మాయమైందని ఆ పొద్దున బాబాయి కనిపెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి ఆ కారులోనే నాకు లైసెన్సు పరీక్ష. నాలుగోసారి! తలుపు లేని బండిని ఇన్‌స్పెక్టరు పరీక్ష మైదానం గేటు దాటనివ్వడు.

"ఎక్కడో ఊడిపోయుంటుందిలే. దానికి డిటెక్టివులెందుకూ?" అంది పిన్ని, చేతులు వెనక్కి పెట్టుకుని.

"ఇరవై ఏళ్ళుగా నీ చేతిలో ఏ బండికీ గీత పడలేదే! ఎవడో పగబట్టాడు," అన్నాడు బాబాయి.

భూతద్దం వాచీల అద్దం కంటికి బిగించి కారు పక్కన మోకరిల్లాడు. "స్క్రూలు రెండూ పద్ధతిగా విప్పారు. బెజ్జానికి కాగితం అడ్డుపెట్టి టేపు అంటించారు. అంటే దొంగది జాలిగుండె. గాయానికి కట్టు కట్టాడు!" నేలమీది బూడిదరంగు పొడిని వేలికద్ది వాసన చూసి తుమ్మాడు. "విషం!"

"గరుకు కాగితంతో రుద్దిన పొడిలా ఉంది," అన్నాను.

"నువ్వు మాట్లాడకు. అనుమానితుల్లో నువ్వూ ఉన్నావు." ముక్కు పైకెత్తాడు. "ఆహా, గోళ్ళరంగు వాసన! దీని వెనక ఒక అందగత్తె హస్తముంది!"

అందరం పిన్ని వంక చూశాం.

"నాకు గోళ్ళెక్కడివి?" అంది పిన్ని. "వీడికి నేర్పినన్నాళ్ళూ పక్కన కూచుని కొరికేసుకున్నాను."

భూతద్దం మమ్మల్ని పెరట్లో వరసగా నిలబెట్టాడు. "బండి కదలకపోతే ఎవరికి లాభం? పరీక్షకు భయపడేవాడికి! నేరస్థుడు ఇడుగో!" అంటూ బాబాయి మీదికి వేలు చూపించి, నాలుక్కరుచుకుని నా మీదికి తిప్పాడు.

బాబాయి ముఖం వాడిపోయింది. "ఒరే, భయమైతే నాతో చెప్పొచ్చు కదరా."

నిజంగానే వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కాదందామంటే భయం మాట నిజమే, తల దించుకున్నాను. పిన్ని ఏదో అనబోయి ఆగిపోయింది.

"చూశారా! నేరమే వీడి నోరు నొక్కేసింది!" భూతద్దం ఠీవిగా రెండడుగులు వెనక్కి వేసి, బోర్లించిన బట్టల బుట్ట మీద కూలబడ్డాడు. బుట్ట ఫటేలుమంది.

"అయ్యయ్యో! మూడో పూత ఇంకా ఆరలేదయ్యా!" అని పిన్ని కేకపెట్టింది.

భూతద్దం లేచాడు. అతని ప్యాంటు వెనక ఎర్రటి బుల్లి తలుపు అతుక్కుని ఉంది. "ఎక్కడ? దొంగ ఎక్కడ?" అంటూ గిర్రున తిరిగాడు. తలుపూ అతనితోపాటే తిరిగింది.

పిన్ని మెట్టుమీద కూచుండిపోయింది. "నిన్న పెట్రోలు పోయించుకుని ఆ తలుపు వేయకుండా వచ్చేశాను. మన గేటు స్తంభానికి తగిలి సొట్టపోయింది. కదిలేముందు బండి చుట్టూ తిరిగి చూడండని వందలమందికి చెప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే తెల్లారుతూనే విప్పి, సొట్ట తీసి, రుద్ది, రంగు కొట్టి ఆ బుట్ట కింద దాచాను." నా వైపు తిరిగింది. "నిన్ను దొంగంటున్నా నోరు విప్పలేకపోయాను. తప్పు నాదేరా."

"నాకు ముందే తెలుసు. కావాలనే కూచున్నాను," అన్నాడు భూతద్దం.

బాబాయి తలుపును పట్టి ఊడబీకాడు. ప్యాంటు నేత రంగుమీద అచ్చుగుద్దినట్టు పడింది. మళ్ళీ రంగు కొట్టే వ్యవధి లేదు. పిన్ని దాన్ని అలాగే బిగించేసింది.

"ఇదేమిటమ్మా, ఇక్కడిలా ఉంది?" అన్నాడు మైదానం గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు, తలుపు మీది అచ్చు చూపిస్తూ.

"నేనే గుద్దేశానండీ," అంది పిన్ని, నలుగురూ వినేలా.

ఆ మాటతో నా భయం సగం దిగిపోయింది. పిన్నంతటి పిన్నే గుద్దిందంటే, నేనెంత? క్లచ్ నెమ్మదిగా వదిలాను. గుంజలు పాతి గీసిన ఎనిమిది అంకె మొత్తం చుట్టి, ఒక్క గుంజనూ తాకకుండా బయటికొచ్చాను.