లోపల నిలబడ్డ కర్ర

పెద్ద వరద వచ్చిన మూడో ఏడు జరిగింది ఇది. వరదకు ఉబ్బిన తలుపులన్నీ చిత్రిక పట్టడం ఆ ఏటికి గానీ పూర్తికాలేదు. పట్టినవాడు వీధి చివర ఉండే ముసలి వడ్రంగి. ఎవరేమడిగినా ‘ఊఁ’ అనడమే గాని రెండో మాట ఖర్చుపెట్టే మనిషి కాదు. ఆయన వంతు మాటలు కూడా ఆయన భార్యే మాట్లాడేది.

ఆ సోమవారం ఆయన పెట్టుకున్నది చిన్న పని. మూడున్నరకు మనవరాలు బడి నుంచి వస్తుంది. నాలుగింటికి ఆ పిల్లను వయొలిన్ టీచరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాలి. టీచరమ్మ ఏడాదికి పదిమందినే చేర్చుకుంటుంది. మొదటి రోజు ఎవరి వయొలిన్ వాళ్ళు తెచ్చుకోవాలి, అది పలకాలి. లేదంటే ఆ చోటు జాబితాలో తర్వాతి పిల్లకు పోతుంది. నిరుడు వయొలిన్ లేక మనవరాలి చోటు అలాగే పోయింది. పిల్ల ఏడవలేదు. ఒక చీపురుపుల్ల పట్టుకుని ఏడాది పొడుగునా ఎడమ చెయ్యి మీద రాసుకుంటూ కూర్చుంది. అది చూడలేక వడ్రంగి నిన్న కొట్టుకు వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా చవకైన వయొలిన్ కొనుక్కొచ్చాడు. ఈ ఏడు జాబితాలో పదో పేరు మనవరాలిది. పదకొండోది దర్జీ కూతురిది.

పొద్దున్నే పిల్ల పెట్టె తెరిచి, వయొలిన్ భుజాన పెట్టుకుని తీగల మీద కమాను లాగింది. చప్పుడు లేదు. ఇంకోసారి లాగింది. కాగితం మీద అరచెయ్యి రాసినట్టు చిన్న గుసగుస వచ్చి ఆగిపోయింది.

“తాతయ్యా, దీనికి గొంతు లేదు.”

“ఊఁ. చూస్తా.”

“సాయంత్రానికి వస్తుందా?”

“వస్తుంది.”

తాత నోట ఇన్ని మాటలు వచ్చాయంటే పని అయిపోయినట్టేనని పిల్ల నిశ్చింతగా బడికి వెళ్ళింది. ఇంట్లో ఉన్న నిశ్చింతంతా అదే పట్టుకుపోయింది, ఆయనకు మిగల్లేదు.

వడ్రంగి వయొలిన్‌ను వెనక పాకలోకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. వేలితో తట్టి చూశాడు. చెక్కలో దోషం లేదు. పైచెక్క మీద ఒంపు తిరిగిన సందులో ఒక కన్ను పెట్టి లోపలికి చూశాడు. చూసేసరికి దొంగ దొరికాడు. పొట్టలో, పైచెక్కకూ అడుగుచెక్కకూ నడుమ, చిటికెనవేలంత కర్ర ఒకటి నిలబడి ఉంది. దానికి జిగురు లేదు, మేకు లేదు.

ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. పెట్టెలు అతికేటప్పుడు పైచెక్క కుంగకుండా లోపల ఇలాంటి ముక్కనే పోటు పెడతారు. జిగురు ఆరాక తీసేస్తారు. తీయడం మరిచిపోయినవాడిని ఆయన తన పాకలో రెండో రోజు పనిలోకి రానివ్వడు. చవక సరుకంటే ఇంతే మరి అనుకున్నాడు. పొట్టలో కర్ర అడ్డం పెట్టుకుని ఏది మాత్రం పలుకుతుంది? తీగముక్కను కొక్కెంలా వంచి, సందులోంచి పెట్టి, కర్రను ఒక్క లాగు లాగాడు.

లోపల ‘టిక్కు’మంది. పైచెక్క వెంట్రుకవాసి కుంగింది. తీగలు వదులయ్యాయి. వాటిని ఎత్తిపట్టే చిన్న చెక్క పక్కకు ఒరిగి, బల్ల మీద పడింది. దానికీ జిగురు లేదు. అప్పుడు గాని వడ్రంగికి తెలిసిరాలేదు, తను పీకింది మరిచిపోయిన ముక్క కాదు, ఇంటికి నిలబెట్టిన స్తంభమని.

పీకిన దారినే పెడదామని చూశాడు. సందు సన్నం, వేళ్ళు లావు. కర్రను తీగకు గుచ్చి లోపలికి దించితే, నిలబడ్డట్టే నిలబడి పడుకునేది. పదకొండు గంటలకు అది ముప్ఫయ్యోసారి పడుకుంది. ఆయన నుదుటి చెమట వయొలిన్ మీద పడుతుంటే తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. ఆఖరికి పలచటి కత్తి తీసి, అంచు వెంబడే జిగురు గీత పట్టి, పైచెక్కను మూతలా లేపేశాడు.

భార్య సరిగ్గా అప్పుడే మంచినీళ్ళు పట్టుకొచ్చింది. రెండు ముక్కలైన వయొలిన్‌ను చూసి చెంబు కింద పెట్టింది.

“గొంతు బాగుచేస్తానని పొట్ట కోశారా?”

సాయంత్రం పిల్ల ముఖం ఎవరు చూస్తారని ఆవిడ అడిగింది. నలభై ఏళ్ళుగా ఈ చేతికి విప్పడమే తెలుసు గాని ఊరుకోవడం తెలియదని కూడా అంది. ఆ రెండో మాట నిజమని ఆయనకు ఆ పూటే తోచింది. కర్రను దాని మచ్చ మీదే నిలబెట్టి, ఇక జన్మలో పడకుండా రెండు కొసలకూ జిగురు పెట్టాడు. మూత అతికాడు. పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి, వయొలిన్‌కు చుట్టూ బిగించి ఎండలో పెట్టాడు. జిగురు డబ్బా మీద ఒక రోజు ఆరనివ్వాలని రాసి ఉంది. ఆయనకు ఉన్నది మూడు గంటలు.

మిక్సీలు బాగుచేసే పక్కింటతను గోడ మీంచి చూశాడు. ట్యూబు కట్లతో ఉన్న వయొలిన్, పక్కన ఉలి, జిగురు, పేళ్ళు.

“బాబాయ్, వయొలిన్ చేస్తున్నారా?”

“ఊఁ,” అన్నాడు వడ్రంగి. కాదనాలంటే మొదటినుంచీ చెప్పాలి.

ఆ ఒక్క ‘ఊఁ’ వీధిలోకి వెళ్ళి పెరిగింది. మంగలి కొట్టు చేరేసరికి వడ్రంగి వయొలిన్లు చేస్తున్నాడు. కూరగాయల కొట్టు చేరేసరికి ఎప్పటినుంచో చేస్తున్నాడు, మనిషి మాట్లాడడు కాబట్టి బయటపడలేదు. రెండింటికి దర్జీ మెడలో టేపు తీయకుండానే వచ్చి పాక గుమ్మంలో నిలబడ్డాడు. కట్లలో ఉన్న వయొలిన్‌ను పైకీ కిందికీ చూశాడు.

“ఇంట్లో చేసింది టీచరమ్మ ఒప్పుకుంటుందా? ఎందుకైనా మంచిది, నేను వెళ్ళి కనుక్కుంటా,” అని గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

పదకొండో పిల్ల తండ్రి, పదో పిల్ల వయొలిన్ సంగతి చెప్పడానికి వెళ్ళాడంటే ఎందుకో అడగక్కర్లేదు. వడ్రంగి వెనక నుంచి పిలుద్దామని నోరు తెరిచాడు. ఏమని పిలవాలో తోచేలోపు దర్జీ సందు తిరిగాడు.

మూడింటికి కట్లు విప్పాడు. తీగలెత్తే చెక్కను నిలబెట్టి, దానికీ రెండు చుక్కల జిగురు పెట్టాడు. తీగలు మాత్రం బిగించడానికి చెయ్యి రాలేదు. పిల్ల బడి నుంచి పరుగున వచ్చింది.

“గొంతు వచ్చిందా తాతయ్యా?”

“ఇంకా పచ్చిగా ఉంది,” అన్నాడాయన. అబద్ధం కాదు.

టీచరమ్మ గది ఒక మందుల షాపు మీద. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆయన వయొలిన్ పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల బెంచీ మీద దర్జీ, ఆయన కూతురు కూర్చుని ఉన్నారు. కూతురి జడలు కొత్తగా వేసి ఉన్నాయి. అది చూసి వడ్రంగికి ఉన్న కాస్త ఆశా పోయింది.

తొమ్మిదిమంది పిల్లలు అయ్యాక టీచరమ్మ మనవరాలి వయొలిన్ అందుకుని, మేకులాంటి బిరడాలు తిప్పి తీగలు బిగించడం మొదలుపెట్టింది. ఆవిడ తిప్పిన ప్రతి తిప్పుకూ వడ్రంగి చూపు అంచు మీది జిగురు గీత వెంట పరిగెత్తింది. ఎక్కడో ‘కిర్రు’మంది. అది తను కూర్చున్న బెంచీ అని తేలేలోపు ఆయన సగం చచ్చాడు. నాలుగో తీగ కూడా బిగిసింది. గీత విడలేదు.

పిల్ల వయొలిన్ భుజాన పెట్టుకుని కమాను లాగింది. కాగితం మీద అరచెయ్యి రాసినట్టు అదే గుసగుస.

పిల్ల తాతకేసి చూసింది. ఏడవలేదు, నిరుడు లాగే. వడ్రంగి లేచాడు. తప్పు తనదేనని, వయొలిన్‌దీ పిల్లదీ కాదని చెప్పాలనుకున్నాడు. అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ వాడలేదేమో, ఒకటీ బయటికి రాలేదు.

టీచరమ్మ కమాను తీసుకుని దాని వెంట్రుకల మీద గోరు పెట్టి చూసింది. సొరుగులోంచి తేనె రంగు బంకగడ్డ తీసి, వాటి మీద పదిసార్లు అటూ ఇటూ రుద్దింది.

“కొత్త కమానుకు బంక రాయకపోతే ఎవరి వయొలిన్ అయినా మూగదే. కొట్లో చెప్పలేదా?”

పిల్ల లాగింది. ఈసారి వచ్చింది చప్పుడు, నూనె చూడని మడతబందు తలుపులా, గది నిండా. పిల్ల నవ్వి మళ్ళీ లాగింది. వడ్రంగి కూర్చున్నాడు. పొద్దున తను చేయాల్సింది బంక రుద్దడం. చేసింది శస్త్రచికిత్స.

టీచరమ్మ వయొలిన్‌ను వెలుతురుకు పట్టి, సందులోంచి లోపలికి చూసింది.

“లోపలి కర్ర కూడా మీరే నిలబెట్టారన్నమాట. ఇది మీరే చేశారని దర్జీగారు చెప్పారు, వాళ్ళమ్మాయికీ మీ చేత ఒకటి చేయిస్తే ఒప్పుకుంటానేమో కనుక్కోవడానికి వచ్చారు.”

దర్జీ సిగ్గుగా నవ్వాడు. టీచరమ్మ బీరువా తెరిచింది. అందులో నాలుగు వయొలిన్లు బోర్లా పడుకుని ఉన్నాయి. అన్నిటికీ లోపలి కర్రలు పడిపోయాయని, విప్పే మనిషి దొరక్క రెండేళ్ళుగా అలాగే ఉన్నాయని ఆవిడ చెప్పింది. వాటిలో ఒకటి బాగైతే దర్జీ కూతురిని పదకొండోదిగా చేర్చుకుంటానంది.

“నాకు రాదమ్మా ఈ పని,” అన్నాడు వడ్రంగి.

“పని వచ్చినవాళ్ళు అనే మాటే అది,” అని టీచరమ్మ నాలుగూ గుడ్డలో మూటకట్టి ఆయన చేతికిచ్చింది. మనవరాలు మూటకు ఒక కొస పట్టుకుని, తాత పక్కన గర్వంగా మెట్లు దిగింది.

మరుసటి రోజు పొద్దున్నే, వయొలిన్ల కొట్టు తలుపులు తీయకముందే ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. విప్పనిది, లోపల కర్ర సరైన చోట ఉన్నది ఒక్కటైనా కళ్ళారా చూడాలి. అన్నిటికంటే చవకది ఇమ్మన్నాడు. ఇది ఎవరికని కొట్టువాడు అడిగాడు.

“కొత్తగా నేర్చుకునేవాడికి,” అన్నాడు వడ్రంగి.