అత్తగారి కుడి, కోడలి కుడి

ఆ ఉదయం కోడలు అనుకున్నదల్లా ఒక్కటే: డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళి పాసై రావాలి. ఇదివరకే రెండుసార్లు తప్పింది. ఇవాళ కూడా తప్పితే బేకరీ వ్యాను నడిపే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పాపం, రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

ధైర్యం చెబుదామని అత్తగారు జోస్యం చెప్పే టారో కార్డులు తీసింది. ఆ విద్య ఆవిడకు కొత్త. కొత్త విద్య చేతికొచ్చాక ఇంట్లోవాళ్ళను ఊరికే వదలడం ఎవరి తరం? భోజనాల బల్ల మీద మూడు కార్డులు పరిచింది.

"ఎడమది జరిగిపోయింది, మధ్యది ఇప్పుడు జరుగుతోంది, కుడిది జరగబోయేది. అంతేనమ్మా," అంటుండగానే పొయ్యి మీద పాలు పొంగాయి. ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది.

ఎదురుగా కూర్చున్న కోడలు తన కుడివైపు చూసింది. పిడుగు పడ్డ గోపురం. బొమ్మ తలకిందులుగా ఉండటంతో, గోపురం మీంచి పడిపోతున్న మనుషులు పైకి ఎగిరిపోతున్నట్టున్నారు. వాళ్ళు తన కారు గుద్దితే ఎగిరినవాళ్ళేనని తేల్చేసుకుంది. పరీక్షకు వేళ కావడంతో అత్తగారు వచ్చేలోపే బయల్దేరింది.

పరీక్ష పెట్టే అధికారిని అందరూ ఎర్రపెన్ను అంటారు. ఆయన పక్కన కూర్చోగానే కోడలు కారు కదిలించింది. మైదానం చివర పాత టైర్లు అచ్చం గోపురంలా పేర్చి ఉన్నాయి. ఇంకేముంది, ప్రతి మలుపులోనూ ఆగింది, అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసింది, చీమకు కూడా దారిచ్చింది.

"ఇంత జాగ్రత్తగా నడిపినవాళ్ళని నేను చూళ్ళేదమ్మా," అన్నాడు ఎర్రపెన్ను. "ఆ టైర్ల ముందు ఆపండి, అయిపోయినట్టే."

ఆపింది. సరిగ్గా అప్పుడే కంచె అవతల టాక్సీ ఆగి, అత్తగారు దిగింది. ఇంట్లో కార్డులు సర్దుదామని కోడలి కుర్చీలో కూర్చున్నాక గానీ అత్తగారికి సంగతి అర్థం కాలేదు. తన ఎడమే కోడలికి కుడి. ఆ కంగారులో చెప్పులు కూడా వేసుకోకుండా, కార్డులు చేతబట్టుకునే వచ్చేసింది.

"గోపురం జరిగిపోయిందే తల్లీ," అని కేకేసింది. "అదంటే నువ్వు తప్పిన రెండు పరీక్షలూ. రాబోయేది సూర్యుడు, అంతా శుభమే."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆనందం పట్టలేక రెండు చేతులూ ఊపింది. బ్రేకు మీంచి కాలు కూడా లేచింది. కారు ముందుకెళ్ళి గుద్దగానే టైర్ల గోపురం మొత్తం దాని మీద కూలింది.

ఎర్రపెన్ను కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. "ఈ తప్పు సగం ఆవిడది. మధ్యాహ్నం ఇంకోసారి రండి. భయపడినంతసేపూ భేషుగ్గా నడిపారు."

బయట బెంచీ మీద అత్తగారు ధైర్యం చెప్పడానికి మళ్ళీ కార్డులు తీసింది. ఆవిడ మంచినీళ్ళకని లేవగానే కోడలు కట్టలోంచి గోపురాన్ని వెతికి తన కుడివైపు పెట్టుకుని, కళ్ళారా చూసి, వణుకుతూ వెళ్ళి కారెక్కింది.